నాయినమ్మ కొంగులో చైనా కథ

ఇది మొదలైంది 1962 మే 13, ఆదివారం, సాయంత్రం ఏడున్నరకు. మళ్ళీ నా ముందుకొచ్చింది మాత్రం మొన్న శుక్రవారం పొద్దున పదకొండు కావస్తుండగా, మా మనవరాలు వంటింట్లో చిక్కుడుకాయలు తుంచుతూ ఫోనులో ఏదో కథ పెట్టుకుని వింటున్నప్పుడు. ఈ కాలం పిల్లలు పుస్తకం పట్టుకోవడం తగ్గించి చెవులతో చదవడం నేర్చుకున్నారు. అందులో తప్పు పట్టడానికి నాకేమీ కనబడదు, మా చదువూ సగం చెవులదే. ఆ ఫోనులో ఎవరో అమ్మాయి చైనా దేశపు పాత చరిత్ర చెబుతోంది. పెద్ద గోడ పొడవునా బురుజులు ఉండేవనీ, ఒక్కొక్క బురుజులో కొద్దిమంది కాపలా ఉండేవారనీ, శత్రువు కనబడితే పగలు పొగ, రాత్రి మంట పెట్టేవారనీ, ఆ పొగ చూసి పక్క బురుజువాడు, వాణ్ణి చూసి ఆ పక్కవాడు పెట్టుకుంటూ పోతే రాజుగారికి కబురు గుర్రం కంటే ముందే అందేదనీ. నా చేతిలో కాఫీ గ్లాసు ఉంది. దాన్ని కింద పెట్టేశాను. ఆ బురుజు నాకు తెలుసు. అందులో ఒక పిల్లవాణ్ణి మంచులో నిలబెట్టి అరవై ఏళ్ళు దాటిపోయింది.

మాది ఔరాద్ దగ్గర కుశనూర్. మైసూరు రాష్ట్రం ఏర్పడ్డాక మా నాయన కన్నడం నేర్చుకుని బీదర్‌లో సర్కారు గుమాస్తాగా కుదిరాడు. చౌబారా అనే పాత కాపలా బురుజు వెనక సందులో అద్దె ఇల్లు. ఇంట్లో తెలుగు, వీధిలో ఉర్దూ, కచేరీలో కన్నడం, ఇలా మూడు భాషల మధ్య తిరిగే ఇల్లు మాది. నాకప్పటికి పదకొండేళ్ళు. ఇంట్లో నాయన, అమ్మ, నాయినమ్మ, నేను. మా నాయన తమ్ముణ్ణి నేను కాక అనేదాన్ని. ఆయన దండులో ఉండేవాడు, అక్కడ తీగలూ వైర్‌లెస్ పెట్టెలూ చూసే పని. అంతకు ముందటి ఏడు సెలవుకు వచ్చినప్పుడు ఒక గాజు వాల్వుల రేడియో తెచ్చి, మిద్దె మీద రాగితీగ కట్టి, పోస్టాఫీసులో లైసెన్సు నాయన పేరన తీయించి పోయాడు. నా ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో రేడియోకు లైసెన్సు ఉండాలి. సర్కారు కాగితం మీద తన పేరు పడిన ప్రతి వస్తువూ మా నాయనకు భయమే. ఆ రేడియోను ఆయన చేత్తో ముట్టుకునేవాడు కాదు, ఎవరిదో వస్తువు ఇంట్లో దాచినట్టు చూసేవాడు.

ఆ మే నెల సెలవులో కాక రేడియో ముందు కూర్చుని ముల్లు తిప్పుతూ ఉంటే ఈలల మధ్య నుంచి ఒక తీగవాద్యం వినబడింది, తరువాత ఒక ఆడపిల్ల గొంతు. హిందీ, అయితే మన హిందీ కాదు, ఒక్కొక్క మాటనూ ఆరబెట్టిన బట్టలా మడతపెట్టి చెప్పే హిందీ. పీకింగు నుంచి వస్తున్న ప్రసారం అది. రెండు వేల ఏళ్ళ కిందట గోడ కాపలాకు పట్టుకుపోయిన ఒక పల్లెటూరి పిల్లవాడి కథ, ప్రతి ఆదివారం ఒక భాగం చొప్పున ఇరవై ఆరు భాగాలు చెబుతామని ఆ గొంతు మొదటే చెప్పింది. నాయినమ్మకు అక్షరం రాదు గాని ఉర్దూ బాగా వచ్చు, కాబట్టి సగం పైగా తెలిసింది.

“ఏ దేశం పిల్లరా ఈమె?” అని కాకను అడిగింది. నాయన, కాక ఇద్దరూ తల్లిని అవ్వా అనేవారు.

“చీనా పిల్లనే అవ్వా. హిందీల చెప్తాంది.”

“చీనావోళ్ళకు ఈ మాట ఎట్లొచ్చెరా?”

“నీకు ఉర్దూ ఎట్లొచ్చింది? అట్లనే.”

మొదటి భాగంలో ఆ పిల్లవాడి తల్లి వాడికి దూది కూర్చిన అంగీ కుట్టి ఇస్తుంది, మెడ దగ్గర ఒక కుట్టు మిగిల్చి, వచ్చాక పూర్తి చేస్తానంటుంది. మూడు రోజులకు, బుధవారం, కాక సెలవు అయిపోయింది. బస్సుకు బయలుదేరుతూ గడపలో నిలబడి, “అవ్వా, నేను పొయ్యే జాగల ఈ కథ ఇననియ్యరు. నువ్వు మొత్తం ఇని పెట్టుకో. నేనొచ్చినంక ఒక్క పట్టున చెప్పాలె” అన్నాడు. నవ్వుతూ అన్న మాటే. నాయినమ్మ మాత్రం నవ్వులో తీసుకోలేదు.

మన ఇళ్ళలో నోముకథ వినేటప్పుడు పసుపు కలిపిన బియ్యం పిడికిట్లో పట్టుకుని కూర్చుంటాం, కథ ముగిశాక వాటిని తల మీద వేసుకుంటాం. కథ ముగియకుండా ఆ అక్షింతలు తల మీద వేసుకోకూడదు, కింద పారేయకూడదు, కథ మధ్యలో లేచిపోకూడదు. పై ఆదివారం ఏడున్నరకు చూస్తే నాయినమ్మ రేడియో ముందు పీట వేసుకుని, కుడి పిడికిలి బిగించి కూర్చుని ఉంది. అమ్మకు నవ్వాగలేదు.

“అత్తమ్మా, గిది వ్రతం కాదు, రేడియో.”

“కథల పిలగాడు దండుకు పోయిండు, నా పిలగాడు దండుకు పోయిండు. ఇద్దరూ ఇల్లు చేరెదాంక నా పిడికిలి ఇప్ప.”

ఆ భాగం కాగానే అక్షింతలు కొంగున ముడి వేసుకుంది. చీర మార్చేటప్పుడు వెండి పొదిగిన ఒక చిన్న నల్లని బిద్రీ డబ్బాలో పెట్టేది, మళ్ళీ తీసి ముడేసుకునేది. వారం వారం అవే గింజలు. అదొక రేడియో కథ అని, చెప్పేవాళ్ళకు మన నోము తెలియదని, వాళ్ళు ఎప్పుడైనా ఆపేయవచ్చని మాలో ఒక్కరికీ తోచలేదు. మొదలుపెట్టిన కథను ఎవరైనా ముగించకుండా ఉంటారా అనుకునే కాలం అది.

ఆ ఎండాకాలం, వానాకాలం మాకు ఆదివారాల మీదే నడిచింది. పక్కింటి ఖాలా, అంటే ఉర్దూలో పిన్ని, కూడా వచ్చేది, నాయినమ్మ కంటే పదేళ్ళు చిన్న, కష్టమైన మాటలకు అర్థం చెప్పేది. ఆ గొంతు కథ ఒక్కటే చెప్పేది కాదు, కథలో ఏ వస్తువు వస్తే దాని పుట్టుపూర్వోత్తరాలు చెప్పేది. మల్బరీ ఆకు తిన్న పురుగు గూడు వేడినీళ్ళలో వేసి పోగు తీస్తారని, చింకి గుడ్డలూ చెట్టు బెరడూ నానబెట్టి దంచి కాగితం చేస్తారని, ఆ తరువాతి రాజుల కాలంలో నౌకరీ కోసం గడ్డాలు నెరిసినవాళ్ళు కూడా గదుల్లో కూర్చుని పరీక్షలు రాసేవారని. ఈ చివరిది విని మా నాయన మొదటిసారిగా వార్తాపత్రిక దించి రేడియో వైపు చూశాడు. అప్పుడాయన సర్కారు నౌకరులు రాయవలసిన కన్నడం పరీక్షకు మూడోసారి కట్టి ఉన్నాడు. బురుజుల మాట వచ్చినప్పుడు మాకెవరూ విప్పి చెప్పనక్కరలేకపోయింది, వాకిట్లోంచి తల ఎత్తితే చౌబారా కనబడుతుంది, సందు దాటితే కోట గోడ. “మన చౌబారా లెక్కనే, కాకుంటే ఒకటి కాదు, లెక్కలేనన్ని” అని నాయినమ్మ ఖాలాకు చెప్పింది. నేను స్కూల్లో చరిత్ర పాఠానికి ఎప్పుడూ ఇంత శ్రద్ధ పెట్టలేదు.

ఆగస్టు తరువాత కాక దగ్గరి నుంచి ఉత్తరం రాలేదు. ఈశాన్య సరిహద్దుకు పంపారని మాత్రం తెలుసు. కథలోనూ చలి మొదలైంది. పిల్లవాడికి బురుజు మీద జ్వరం వచ్చిన వారం నాయినమ్మ అన్నం ముట్టలేదు. జ్వరం తగ్గిన వారం సందులో అందరికీ బెల్లం పంచింది, ఎందుకో అడిగినవాళ్ళకు “పిలగానికి నిమ్మళమైంది” అని చెబితే, కాక సంగతే అనుకుని వాళ్ళూ సంతోషించారు. పత్రికల్లో చైనా పేరు పెద్ద అక్షరాల్లో రావడం మొదలైంది. నాయన ఆదివారం రాగానే తలుపు మూయించడం మొదలుపెట్టాడు. అక్టోబరు 14న ఇరవై మూడో భాగం. దూరాన దుమ్ము లేస్తోంది, పిల్లవాడు మంట పెట్టాలి, కట్టెలు మంచుకు తడిసి ఉన్నాయి, చెకుముకి రాయి పట్టుకున్న చెయ్యి పైకెత్తాడు. అక్కడ తీగవాద్యం వచ్చేసింది.

అక్టోబరు 20, శనివారం, యుద్ధం మొదలైంది. మరునాడు ఏడున్నరకు నాయినమ్మ పిడికిలి బిగించి కూర్చుంటే, నాయన వద్దనేలోగా ముల్లు దాని చోటికి అదే పోయినట్టు పోయింది. అదే గొంతు. నిలకడగా, అదే మడతపెట్టిన మాటలతో, ఎక్కడెక్కడ మన దండును వెనక్కి నెట్టారో చెబుతోంది. కథ లేదు. నాయినమ్మ ఆ గొంతును ఐదు నెలల నుంచి “మన పిల్ల” అని పిలిచేది. ఆ సాయంత్రం రేడియో వైపు చూస్తూ, ఇంట్లో తిరిగే పిల్ల ఉన్నట్టుండి పరాయిదానిలా మాట్లాడితే చూసినట్టు చూసింది. “గీ ముచ్చట్లు కానిచ్చి కథ చెప్తదేమో” అని మాత్రం అంది.

చెప్పలేదు. సందులో అప్పటికే పుకార్లు. పీకింగు వినేవాళ్ళను పట్టుకుపోతున్నారని, మిద్దెల మీద తీగలు రాసుకుపోతున్నారని. నిజమో కాదో ఎవరికీ తెలియదు, తెలియకపోవడమే పెద్ద భయం. ఎదురింటి మామకు గంజ్‌లో బట్టల దుకాణం. యుద్ధం రాగానే మా సందులో గస్తీ తిరిగే వాలంటీర్లకు పెద్ద తానే అయ్యాడు. మేము ఆదివారం ఆదివారం రేడియో పెట్టే సంగతి అయిదు నెలలుగా కిటికీలోంచి గమనిస్తున్న మనిషి. నాయన కచేరీకి పోతుంటే నలుగురిలో, “ఏమయ్యా, మీ చీనా చుట్టాలు కులాసనా?” అన్నాడు. నాయన ఆ పూట మిద్దె ఎక్కి రాగితీగ విప్పాడు. రేడియో వెనక చెక్క ఊడదీసి ఐదు వాల్వులూ బయటికి లాగి, ధోవతి ముక్కలో చుట్టి జొన్నల గుమ్మిలో పూడ్చాడు. తమ్ముడు సరిహద్దులో ఉన్న మనిషికి దేశద్రోహి అన్న పేరు వస్తే ఎట్లా, నౌకరీ పోతే నలుగురు ఎట్లా బతకడం, ఇదే ఆయన నోట. నాయినమ్మ 28వ తేదీన ఏడున్నరకు పిడికిలి బిగించుకుని ఆ ఖాళీ పెట్టె ముందు కూర్చుంది. గంట సేపు. వినబడేది మా ఊపిరి ఒకటే.

నవంబరు 4, ఆదివారం. లెక్క ప్రకారం ఇరవై ఆరో భాగం, అంటే కథ ముగియవలసిన రోజు. సాయంత్రం ఏడు కాకముందే ఆమె పీట వేసుకుంది. నాయన వాకిట్లోకీ ఇంట్లోకీ నాలుగుసార్లు తిరిగాడు. చివరికి గుమ్మిలో చెయ్యి పెట్టి మూట బయటికి తీశాడు.

“అవ్వా, గీ ఒక్కసారే. మల్ల అడగద్దు.”

“నేనెప్పుడు అడిగిన్రా?”

నిజమే, ఆమె ఒక్కసారీ అడగలేదు. మిద్దె మీద తీగ లేదు కాబట్టి నాయన పెరట్లో బట్టలారేసే ఇనుప తీగకే ఒక ముక్క ముడిపెట్టి లోపలికి లాగాడు. అమ్మ దాని మీది తడిచీరలన్నీ చేతుల మీద వేసుకుని నిలబడింది. వాల్వులు మళ్ళీ బిగించి, వినడానికని రేడియోను నాయన తన చేత్తో పెట్టడం నేను చూడడం అదే మొదలు. వాల్వులు ఎర్రబడ్డాయి. ఈలలు, గురగురలు, వాటి అడుగున తీగవాద్యం. కథదే! ఆ తరువాత గొంతు వచ్చి పోతూ వచ్చి పోతూ ఉంది, ఒకసారి “మాఁ” అన్న మాట, అమ్మ, ఒకసారి “బరఫ్” అన్న మాట, మంచు. మిగిలినదంతా ఈల. నాయినమ్మ చెవి పెట్టెకు ఆనించి, రెండో చేత్తో మమ్మల్ని ఊపిరి కూడా తీయవద్దన్నట్టు ఆపింది. అంతలో తలుపు చప్పుడైంది.

నాయన ప్లగ్గు లాగేశాడు. అమ్మ చేతిలోని తడిచీరలు రేడియో మీద కప్పేసి, దాని ముందు దీపం కుంది పెట్టింది. తలుపు తీస్తే ఎదురింటి మామ, వెనక ఇద్దరు వాలంటీర్లు.

“ఏందో మాటలినబడ్డయి. పరాయి ఆడమనిషి గొంతు లెక్కనుండె” అన్నాడు మామ లోపలికి తొంగి చూస్తూ.

నాయినమ్మ కూర్చున్నచోటి నుంచే బిగించిన పిడికిలి ఎత్తి చూపింది. “కథ నడుస్తాంది నాయినా. కూసుంటె కూసోండ్రి. నడిమిట్ల మాత్రం లేవద్దు.”

కార్తీకమాసం. పసుపు బియ్యం పట్టుకుని కూర్చున్న ముసలావిడ ముందు, దీపం ముందు, చెప్పులతో నిలబడే ధైర్యం ఎవరికుంటుంది? ముగ్గురూ చెప్పులు విడిచి కూర్చున్నారు. అమ్మ పసుపు బియ్యం పళ్ళెం చాపింది, ముగ్గురూ తలా ఇన్ని అక్షింతలు తీసుకున్నారు. వేడి వాల్వుల మీద తడిచీరలు సన్నగా ఆవిరి కక్కడం మొదలుపెట్టాయి. నేను దాన్నే చూస్తున్నాను, చూడకూడదని తెలిసీ చూస్తున్నాను. నాయినమ్మ కథ ఎత్తుకుంది. ఏ దేశమని చెప్పలేదు. అనగనగా ఒక పెద్ద గోడ అంది. తల్లి మెడ దగ్గర మిగిల్చిన కుట్టు నుంచి, పట్టుపురుగు, కాగితం, పరీక్ష గదుల ముసలివాళ్ళు, బురుజు మీది జ్వరం దాకా, ఇరవై మూడు భాగాలూ వరుస తప్పకుండా, ఆ పీకింగు పిల్ల ఎక్కడెక్కడ ఆగేదో అక్కడక్కడ ఆగుతూ, మన మాటల్లో చెప్పింది. కట్టెలు తడిసిన చోట మామ ఉండబట్టలేక, “జెర కిరసనాయిలు పోస్తె అయిపోవు గద అత్తా!” అన్నాడు.

“గప్పుడు కిరసనాయిలు యాడిది నాయినా!”

“అయ్యో. మరి అంటుకుందా?”

“చెయ్యి ఎత్తిండు.”

“ఎత్తి?”

“తర్వాతిది నేనింకా ఇనలే.”

వినలేదంటే వినే చోటు ఒకటి ఉందనే కదా. మామ చూపు నాయినమ్మ మీద నుంచి ఆవిరి కక్కుతున్న చీరల మీదికి, అక్కడి నుంచి పెరట్లోకి పోయిన తీగ మీదికి పోయింది. వెంట వచ్చిన ఇద్దరికీ అర్థమైందో లేదో నాకు తెలియదు, ఆయనకు మాత్రం అంతా అర్థమైంది. నాయన కళ్ళు మూసుకున్నాడు. మామ తన పిడికిలి వైపు చూసుకున్నాడు. ముగియని కథ గింజలు, పారేయడానికి లేదు, నెత్తిన వేసుకోవడానికి లేదు. భుజం మీది దస్తీ గుడ్డ తీసి, దాని కొసన ఆ గింజలు ముడి వేసుకున్నాడు. వాళ్ళిద్దరినీ కూడా ముడి వేసుకొమ్మన్నాడు. “మంచి కథ. పదండ్రి” అని లేచిపోయాడు.

వారం రోజులు నాయన కచేరీకి పోయి వచ్చేదాకా అమ్మ గడపలోనే ఉండేది. ఎవరూ రాలేదు. పై ఆదివారం మామ ఒక్కడే వచ్చాడు, తలుపు బయటే నిలబడి గొంతు తగ్గించి అడిగాడు. “అత్తా, గీ గింజలు దస్తీల కట్టుకొని గల్లా మీద కూసుంటున్న. ఆ పిలగానికేమైందో జల్ది చెప్పరాదు?” రేడియో మూగది. వాల్వులు గుమ్మిలో ఉన్నాయి. అక్కడ సరిహద్దులో మాత్రం ఇంకా కాల్పులు.

నవంబరు 21న కాల్పులు ఆగాయి. డిసెంబరు 8, శనివారం, తంతి వచ్చింది. కాక కనబడుట లేదు అని. చనిపోయాడనీ కాదు, పట్టుబడ్డాడనీ కాదు. ఆ తరువాత వచ్చిన కాగితాలన్నిటిలోనూ అదే మాట. ఖాలా వచ్చి నాయినమ్మ పక్కన కూర్చుని, రేడియో లేకపోతే మాత్రం ఏమైంది, ఆ పిల్లవాణ్ణి నువ్వే ఇంటికి తెచ్చేయి, కుట్టు పూర్తి చేయించు, అక్షింతలు వేసుకో, మనసు కుదుటపడుతుంది అని బతిమాలింది. అమ్మ కూడా అదే అంది. నాయినమ్మ కొంగు ముడి పట్టుకుని చెప్పిన జవాబు నాకు మాట పొల్లుపోకుండా గుర్తుంది.

“నేను తెస్తె కథల పిలగాడే వస్తడు. నా కొడుకు యాడున్నడో నాకెర్క లేదు. ఎర్క లేంది నేనెట్ల చెప్తనే?”

ఇక ఎవరూ అడగలేదు. మరుసటి మార్చిలో నాయన లైసెన్సు తిరిగి ఇచ్చేశాడు. గుమ్మి ఖాళీ చేసినప్పుడు చూస్తే వాల్వులు పగిలి ఉన్నాయి. ఎదురింటి మామ 1969లో పోయాడు. ఆయన భార్య గల్లాపెట్టెలో దొరికిన దస్తీ ముడితో సహా తెచ్చి నాయినమ్మ చేతిలో పెట్టి, ఇవి మీవట కదా అని అడిగి వెళ్ళింది. మైసూరు రాష్ట్రం కర్ణాటక అయిన రెండున్నర నెలలకు, 1974 జనవరి 20, ఆదివారం, నాయినమ్మ వెళ్ళిపోయింది. స్నానం చేయించేటప్పుడు కొంగు ముడి అమ్మ విప్పి, గింజలు బిద్రీ డబ్బాలో పోసి నాకిచ్చింది. తల మీద వేయమని ఎవరూ అనలేదు.

ఇదంతా మొన్న మా మనవరాలికి చెబితే చిక్కుడుకాయలు పక్కన పెట్టింది. తరువాత ఫోను తీసి, “వెతకనా అమ్మమ్మా? దొరుకుతుందేమో” అంది. వెతికింది కూడా. బురుజుల మీది సైనికుల కథలు చాలానే ఉన్నాయట. ఒకదాంట్లో వాడు తిరిగొస్తాడట, ఒకదాంట్లో అక్కడే పోతాడట, ఒకదాంట్లో సన్యాసుల్లో కలుస్తాడట. ఏది పెట్టమంటావు అని అడిగింది. నేను ఆలోచించాను. ఇప్పుడు కథను వేలితో ఆపుతారు, స్నానానికి పోయి వస్తారు, మళ్ళీ వేలితో కదిలిస్తారు. అది అక్కడే, ఆపినచోటే, మనిషి కోసం కాచుకుని ఉంటుంది. హాయిగానే ఉంది. మా రోజుల్లో ఆ గొంతు ఆకాశంలోంచి ఒక్కసారే పోయేది, అందుకోలేకపోతే అంతే. దాని కోసం పీట వేసుకుని కాచుకుని కూర్చోవలసింది మేమే. మనవరాలితో ఏదీ వద్దన్నాను. చిక్కుడుకాయలు ఎండిపోతున్నాయి, పొయ్యి వెలిగించమన్నాను. తరువాత డబ్బా మూత తీసి చూసి, రాసుకున్నాను.

పోయినవి: కథలో మూడు భాగాలు. వాల్వులు ఐదు. లైసెన్సు ఒకటి. ఎదురింటి మామ దస్తీ, చిమటలు కొట్టేశాయి. అక్షింతలు పిడికెడు, పురుగుపట్టి పొడి అయింది, డబ్బాలోనే ఉంది. కాక ఒకడు, పోయేనాటికి ఇరవై నాలుగేళ్ళు. ఈ చివరిది పోయిన పద్దులో రాయవచ్చునో లేదో ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు.